లీలమ్మ నెత్తి మీది మబ్బు

ఉప్పుగూడ స్టేషన్ వెనక గల్లీలో లీలమ్మ పొద్దున ఐదున్నరకు లేచి అరకప్పు చాయ్ తాగుతుంది. ఆ అరకప్పే. తరువాత రాత్రి ఏడింటికి ఇల్లు చేరేదాకా చుక్క నీరు ముట్టదు. అది ఉపవాసం కాదు, మొక్కు కాదు. పంతొమ్మిదేళ్ల అలవాటు. పళ్లు తోముకోవడం, జడ వేసుకోవడం ఎలాగో దాహాన్ని ఆపుకోవడం కూడా అలాగే.

ఆమె భర్త ప్రకాశం నీళ్ల బోర్డులో వాల్వ్ తిప్పే ఉద్యోగి. ఏ గల్లీకి ఏ పూట నీళ్లు వదలాలో ఆయన చేతిలో ఉంటుంది. రోజూ ఒక సీసా నింపి ఆమె సంచిలో పెడతాడు. సాయంత్రం ఆ సీసా నిండుగానే తిరిగొస్తుంది.

"వెయ్యి ఇండ్లకు నీళ్లు ఇడుస్త. ఒక్క నా పెండ్లాం గొంతులకే పోతలేవు," అంటాడు.

"నీకేంది, మొగోనివి. ఊరంత గోడలే నీకు," అంటుంది లీలమ్మ.

ఏడున్నరకు శాలిబండ పోయే షేర్ ఆటో ఎక్కుతుంది. ఎప్పుడూ అంచునే కూర్చుంటుంది, నెత్తి మీది మబ్బు బయటికి ఉండేలా. పనిలో చేరిన మొదటి ఏడు అది చేతిరుమాలంత ఉండేది. ఇప్పుడు అడ్డంగా మూడడుగులు, బూడిద రంగు, మధ్యలో నలుపు. ఒక్కనాడూ కురిసింది లేదు. తాగకుండా వదిలేసిన నీళ్లన్నీ అందులోనే ఉంటాయని అందరికీ తెలుసు.

"అమ్మా, నీ మబ్బు జర జరుపు, అద్దంల ఎనుక బండి కనిపిస్తలేదు," అంటాడు ఆటో అతను. లీలమ్మ తల పక్కకు వంచుతుంది.

శాలిబండలో పనికి పోయే ఆడవాళ్లలో మబ్బు లేనివాళ్లు తక్కువ. గాజుల బట్టీల్లో, కుట్టుపని గదుల్లో, బట్టల కొట్లలో ఎవరు ఎన్నేళ్లుగా పనిచేస్తున్నారో మబ్బు చూసి చెప్పొచ్చు. మగవాళ్ల నెత్తి మీద ఒక్కటీ ఉండదు. ఎందుకని ఎవరూ అడగరు. ఆడవాళ్లు దాహాన్ని ఆపుకుంటే దానికి ఓపిక అని పేరు పెట్టారు. ఓపిక అంటే ఆడవాళ్ల ఒంటి నుంచి వసూలు చేసే పన్ను. కట్టినవాళ్లకు రసీదు కూడా ఉండదు.

నగేష్ సేఠ్ మగ్గం కార్ఖానా మూడో అంతస్తులో ఉంది. చెక్క చట్రాలకు బిగించిన పెళ్లి బట్టల చుట్టూ ఎనిమిది మంది ఆడవాళ్లు కూర్చుని జరీ కుడతారు. మెట్ల పక్కన బాత్రూం ఉంది. మంచిదే. తెల్ల పలకలు, కుళాయి, గొళ్లెం. కానీ దానికి తాళం, ఆ తాళంచెవి సేఠ్ నడుముకు. లోపల జరీ ఉండల డబ్బాలు.

ఎందుకంటే జరీకి చెమ్మ తగిలితే నల్లబడుతుంది. ఎనిమిది మబ్బుల కింద హాలు ఎప్పుడూ చెమ్మగానే ఉంటుంది. సేఠ్ కుళాయి కట్టేసి, బాత్రూంను పొడి గది చేసి, జరీ అందులో పెట్టాడు. బాత్రూం లేదు కాబట్టి ఆడవాళ్లు నీళ్లు తాగరు. తాగరు కాబట్టి మబ్బులు పెరుగుతాయి. మబ్బులు పెరుగుతాయి కాబట్టి బాత్రూంకి ఇంకా గట్టి తాళం. అంతకుముందు లీలమ్మ పనిచేసిన చోట అసలు బాత్రూమే లేదు; ఇక్కడ పన్నెండేళ్లుగా ఇది ఇలాగే తిరుగుతోంది. దీన్ని వ్యాపారం అన్నారు.

మరీ ఆగలేని రోజున కింది ఇంటి ముసలమ్మను బతిమాలుకోవాలి. ఆమె రోజుకు ఒక్కరినే రానిస్తుంది. కొత్తగా పనిలో చేరిన పిల్లకు సూది పట్టడం కంటే ముందు లీలమ్మ ఇంకో పని నేర్పిస్తుంది. డబ్బాలోంచి ఒక గాజుపూస తీసి, కడిగి, ఇస్తుంది.

"నాల్క కింద పెట్టుకో. నోరు ఎండది. దూప యాదికి రాదు."

ఆ విద్య లీలమ్మ కనిపెట్టిందే. దాని మీద ఆమెకు కొంచెం గర్వం కూడా.

మే నెలలో ఆమెకు చలిజ్వరం వచ్చింది. నడుముకు రెండు వైపులా సూదులు దింపినట్టు పోటు. రెండు రోజులు ఓర్చుకుంది. మూడో రోజు ప్రకాశం ఆమె మాట వినకుండా బస్తీ దవాఖానాకు తీసుకుపోయాడు. అక్కడి డాక్టరు రాగసుధ కాకినాడ వైపు అమ్మాయి, వచ్చి ఏడాదే అయింది. నాడి చూసింది, రక్తం తీయించింది, టేపు పట్టి మబ్బు కొలిచి చీటీలో రాసుకుంది. మర్నాడు రిపోర్టు ముందు పెట్టుకుని అడిగింది.

"ఎన్నాళ్ల నుంచి ఆపుకుంటున్నారమ్మా?"

"ఏండ్లు మేడం. పనికాడ అందరం గట్లనే."

"మీ కిడ్నీలు సగమే పని చేస్తున్నాయి. ఇంకో ఏడాది ఇలాగే నెట్టుకొస్తే వారానికి మూడుసార్లు డయాలసిస్ మిషన్ మీద పడుకోవాలి. ఇప్పుడు ఆపితే తిరిగి కోలుకోవచ్చు."

ప్రకాశం బల్ల అంచు పట్టుకున్నాడు.

"ఇన్ఫెక్షన్‌కి వారం రోజులు మాత్రలు రాస్తాను, తప్పకుండా వేసుకోవాలి. ఆ తరవాతది మీ వంటింట్లోనే ఉంది. గంటకో గ్లాసు నీళ్లు. పొద్దున్న బార్లీ ఉడికించిన నీళ్లు, మధ్యాహ్నం పల్చటి మజ్జిగ, ఎండ బాగా ఉన్న రోజున సబ్జా గింజలు. వచ్చినప్పుడు ఆపుకోకూడదు. అంతే."

"గా ఆఖరుదే కష్టం మేడం."

"అది లేకపోతే ముందువన్నీ దండగేనండీ," అంది రాగసుధ. కాస్త ఆలోచించి చీటీ వెనక్కి తీసుకుని కింద ఒక వరస రాసి సంతకం పెట్టింది: బాత్రూం, రోజుకు ఆరుసార్లు.

లీలమ్మ పది రోజులు ఇంట్లో ఉంది. మాత్రలు వేసుకుంది. బార్లీ నీళ్లు తాగింది, మజ్జిగ తాగింది. నాలుగో రోజుకు పోటు తగ్గింది. మబ్బు నడిమధ్య నలుపు విరిగి, అంచులు దూదిలా తెల్లబడ్డాయి. ఒళ్లు తన మాట వింటోందని, వినడానికి ఇన్నేళ్లూ సిద్ధంగానే ఉందని ఆమెకు మొదటిసారి అనిపించింది.

కానీ పెళ్లి లెహంగా ఆర్డరు ఆగదు. సేఠ్ ఫోన్ మీద ఫోన్ చేశాడు. "నా కూతుర్ని పంపిస్త, నేను వచ్చేదాక," అంది లీలమ్మ. ఆమె కూతురు రూపకు పంతొమ్మిదేళ్లు. డిగ్రీ పరీక్షలు రాసి ఇంట్లో ఉంది, చేతిపని చిన్నప్పుడే అబ్బింది. తల్లి చోట్లో పోయి కూర్చుంది.

మూడో రోజు సాయంత్రం రూప గుమ్మంలోనే నిలబడి నవ్వింది.

"బాపూ, చూడు! నాక్కూడ వచ్చింది."

నెత్తి మీద రూపాయి బిళ్లంత మబ్బు. లేతది, పాల నురుగులా ఉంది. ప్రకాశం చూసి ముఖం తిప్పుకున్నాడు. రూప నోట్లోంచి గాజుపూస తీసి కొంగుకు తుడిచింది.

"అది ఎవరు ఇచ్చిన్రు నీకు?" అంది లీలమ్మ.

"పనికాడి షాహీన్ ఆపా. గీ పూస మస్తు పనిజేస్తది అమ్మా, దూపే అయితలేదు."

"షాహీన్‌కు ఎవరు నేర్పిన్రట?"

"నువ్వే నేర్పినవట గదా!"

లీలమ్మ మజ్జిగ గ్లాసు కింద పెట్టింది. తన కిడ్నీ పోతే పోనీ అని ఆమె ఎన్నోసార్లు అనుకుంది. అలా అనుకోవడం సులువు. ఇప్పుడు ఆ మాట అనుకోవడానికి లేదు. తాను తిరిగి పనికి పోతే ఏడాదిలో మిషన్. తాను పోకపోతే తన చోట్లో కూతురు. మధ్యలో ఒకే ఒక తలుపు.

"రేపు నేనొస్త," అంది. "మీ బాపు కూడ వస్తడు. డబ్బా మోయాలె."

మర్నాడు ప్రకాశం ఇరవై లీటర్ల డబ్బా భుజాన పెట్టుకుని మూడంతస్తులు ఎక్కి, హాలు మధ్యలో దించి, డ్యూటీకి పోయాడు. బార్లీ నీళ్లు, అందులో దంచిన ధనియాలు. లీలమ్మ స్టీలు గ్లాసులు వరసగా పెట్టింది.

"తాగున్రి."

ఎవరూ కదల్లేదు. షాహీన్ ఆపా కళ్లజోడు పైకి నెట్టింది.

"పాగల్ అయినవా లీలా? తాగితే ఏడికి పోవాలె?"

"పోయేటందుకే తాగుదాం."

"సేఠ్ నయాపూల్ పోయిండు. చాబీ ఆయన నడుముకుంది."

"వస్తడు గదా. ఆయన వచ్చే యాళకు మనకు గూడ వస్తది."

ఒకామె ఫక్కున నవ్వింది. నవ్వితే నోట్లో పూస పళ్లకు తగిలి టక్కుమంది. ముందు రూప తాగింది. తరువాత షాహీన్ "అల్లా, నువ్వే చూసుకో" అంటూ కళ్లు మూసుకుని గటగటా తాగింది. ఏడు పూసలు పళ్లెంలో పడ్డాయి. రూపదీ కలిస్తే ఎనిమిది. రెండో గ్లాసుకు ఎవరినీ బతిమాలాల్సిన అవసరం రాలేదు. ఎన్నేళ్ల దాహమో అది, ఒక్కసారి తలుపు తీస్తే గుంపుగా వచ్చేసింది.

పదకొండు గంటలకు సూదులు ఆగాయి. పావుగంటకు నగేష్ సేఠ్ మెట్లెక్కి వచ్చేసరికి తొమ్మిది మంది ఆడవాళ్లు బాత్రూం తలుపు ముందు బాసింపట్లు వేసుకుని కూర్చున్నారు.

"ఏంది లొల్లి? రేపు లెహంగా ఇయ్యాలె, మీకు యాదున్నదా?"

"తాళం తియ్ సేఠ్, రేపటికి ఇస్తం."

"ఏం, ఇన్నేండ్లు లేని అర్జెంటు ఇయ్యాలనే వచ్చిందా?"

"ఇన్నేండ్లది ఇయ్యాల వచ్చింది," అంది షాహీన్. అందరూ నవ్వారు. నవ్వడం ఆ పరిస్థితిలో అంత తేలిక కాదు, అయినా నవ్వారు.

లీలమ్మ డాక్టరు చీటీ అందించింది. సేఠ్ చదివాడు. కింది వరస రెండుసార్లు చదివాడు.

"నేనేమన్న మందుల షాపా?"

"గీ మందు నీ తాననే ఉంది సేఠ్. నడుముకు ఏలాడుతుంది."

సేఠ్ ముఖం ఎర్రబడింది. "మరి జరీ ఏడ పెట్టాలె? మీ మబ్బుల కింద పెట్టి కరాబ్ చేసుకోవాల్నా? గీ పని ఇష్టం లేకుంటే నడువున్రి. శాలిబండల సూది పట్టేటోళ్లకు కరువా?"

ఎవరూ లేవలేదు. లేచి పోతే ఏ కార్ఖానాలో చేరినా తాళం వేసిన ఇంకో తలుపే ఉంటుందని తొమ్మిది మందికీ తెలుసు.

అప్పుడు లీలమ్మ మబ్బు కదిలింది.

పంతొమ్మిదేళ్లలో అది ఆమెను విడిచి జానెడు దూరం పోలేదు. ఇప్పుడు మెల్లగా జారి, సేఠ్ తల మీదుగా సాగి, బాత్రూం తలుపు ముందు ఆగింది. తెల్లబడిన అంచులు మళ్లీ నల్లబడ్డాయి. లోపలినుంచి ఉరుము, చిన్నదే. మిగతా మబ్బులు ఒక్కొక్కటే వెళ్లి దాని పక్కన చేరాయి. అన్నిటికంటే ఆఖరున రూప మబ్బు, రూపాయి బిళ్లంతది, పెద్దవాళ్ల మధ్యలో దూరింది.

"లీలమ్మా, దాన్ని ఎనుకకు పిలువు," అన్నాడు సేఠ్. గొంతు తగ్గింది.

"ఇన్నేండ్లు నా ఎంటనే తిరిగింది సేఠ్. ఇయ్యాల నేనైతే పిలువ."

వెంటిలేటర్ సందులోంచి మబ్బు అంచు ఒకటి లోపలికి పోయింది. లోపల డబ్బా మూత మీద టప్‌మని ఒక చినుకు పడింది. కాసేపాగి ఇంకొకటి.

సేఠ్ నడుముకున్న తాళంచెవి లాగి తాళం తీశాడు. "పట్టున్రి, పట్టున్రి! జరీ అంత కరాబైతది!" ఆడవాళ్లు లేచారు. ఆ జరీ కుట్టాల్సింది తామే కాబట్టి పాడుకానివ్వలేదు. చేతి నుంచి చేతికి డబ్బాలు హాల్లోకి వచ్చాయి. ఐదు నిమిషాల్లో గది ఖాళీ. మబ్బులన్నీ కలిసి లోపలికి పోయి కురిశాయి. పన్నెండేళ్ల దుమ్ము, అట్టముక్కలు, బూజు, అన్నీ కొట్టుకుని తూములోకి పోయాయి. వాన వెలిశాక పలకలు తెల్లగా మెరిశాయి. పైన ఆవిరి కూడా మిగల్లేదు.

"ముందు నువ్ పో," అంది లీలమ్మ కూతురితో.

రూప తరువాత షాహీన్, తరువాత ఒక్కొక్కరు. గొళ్లెం పడిన చప్పుడు, తీసిన చప్పుడు. ఎవరూ తొందరపెట్టలేదు. లీలమ్మ ఆఖరున వెళ్లి బయటికొచ్చి కిటికీ దగ్గర నిలబడితే, ఎండ నేరుగా ఆమె పాపిట్లో పడింది. అంత వెచ్చగా ఉంటుందని ఆమె మరిచేపోయింది.

మబ్బులు లేని హాలు ఆ పూటే పొడిబారింది. జరీ డబ్బాలు అక్కడే గూట్లో సర్దారు, ఒక్క పోగూ నల్లబడలేదు. లెహంగా చెప్పిన రోజుకే పోయింది. వారం తిరగకముందే నగేష్ సేఠ్ నయాపూల్ వ్యాపారులతో "ఆడోళ్లకు బాత్రూం ఇస్తే మాల్ కరాబ్ కాదు భాయ్, నా ఐడియా," అని చెప్పుకోవడం మొదలుపెట్టాడు. చెప్పుకోనీ. తలుపు తెరుచుకుంది, ఇక అది ఎవరి పేరు మీద తెరుచుకుంటే ఏం?

మూడు నెలల తరువాత రాగసుధ కొత్త రిపోర్టు చూసి కుర్చీలోంచి లేచింది.

"చాలా మటుకు కోలుకున్నాయమ్మా. మిషన్ మాటే లేదు. నీళ్లు మాత్రం మానకండి."

"మానుతమా మేడం!"

దవాఖానా నుంచి నేరుగా పనికి పోదామని లీలమ్మ శాలిబండ ఆటో ఎక్కింది. ఈసారి నడి సీట్లో కూర్చుంది. అంచున ఒక పిల్ల, పట్టుమని ఇరవై ఏళ్లు ఉండవు, మెడలో బట్టల షాపు గుర్తింపు కార్డు, దాని మీద స్రవ్య అని పేరు. నెత్తి మీద గొడుగంత మబ్బు. ఆ వయసుకు అది మరీ పెద్దది. పిల్ల లీలమ్మ తల వైపు, తల మీద ఖాళీ వైపు చూసింది.

"అక్కా, మీరు పనికి పోతలేరా?"

"పోతున్న. ఇరవై ఏండ్లాయె."

"మరి మీది ఏదక్కా? ఎట్ల పోయింది?"

లీలమ్మ ఆ పిల్ల ముఖం చూసింది. పెదవులు పగిలి ఉన్నాయి. కళ్ల కింద ఉబ్బు.

"మీ షాపుల ఎంతమంది ఆడపిల్లలు?"

"నలభై మందిమి. నయాపూల్ దాటినంక షాపు. పొద్దంత నిలవడాలె. బాత్రూం కస్టమర్లకేనట."

శాలిబండ వచ్చింది. ఆటో ఆగింది. "అమ్మా, నీ జాగ వచ్చింది, దిగు," అన్నాడు ఆటో అతను.

లీలమ్మ దిగలేదు. సంచిలోంచి నీళ్ల సీసా తీసి, మూత విప్పి, ఆ పిల్ల చేతిలో పెట్టింది.

"నయాపూల్ పోనీ భాయ్," అంది.