మెరుపు తీసిన బంతి

మా తెనాలి వైపు కొత్త బంతికి ఒక సంస్కారం చేస్తాం. పెట్టెలోంచి తీయగానే కెప్టెన్ దాన్ని కళ్లకద్దుకుంటుంది. తర్వాత, మర్యాదకి మేం పెవిలియన్ అని పిలిచే రేకుల షెడ్డు ముందున్న సిమెంటు మెట్టు మీద పెట్టి, గంధం తీసినట్టు అరగదీస్తుంది. ఎర్రటి మెరుపంతా పోయి బంతి కాల్చిన వంకాయలా తేలాకే ఆట మొదలవుతుంది. మా జట్టులో బంతి వేసేవాళ్లంతా స్పిన్నర్లు, నున్నటి బంతి మీద వాళ్ల వేళ్లకి పట్టు దొరకదు. బయటి ఊళ్లలో ఆ మెరుపు కోసం బౌలర్లు కొట్టుకు చస్తారట. మేం మాత్రం పీడ వదిలించుకున్నట్టు వదిలించుకుంటాం. మన దేశంలో ఫాస్ట్ బౌలర్లు ఎందుకు తక్కువని టీవీలో పెద్దలు గంటలకొద్దీ తలలు పట్టుకుంటుంటారు. ఒక్కసారి మా సిమెంటు మెట్టు చూసి వెళ్తే వాళ్లకీ శ్రమ తప్పుతుంది, మనకీ తప్పుతుంది.

అందరూ స్పిన్నర్లే ఎందుకయ్యారంటే, నేల అలాంటిది. నేల అలా ఎందుకుందంటే, నాగమల్లేశ్వరరావు గారు. ఆయన మా క్రికెట్ సంఘానికి కార్యదర్శి, పొన్నూరులో రైస్ మిల్లుకి యజమాని. బ్యాటు ఏ వైపు పట్టుకోవాలో ఆయనకి తెలుసో లేదో నేను చెప్పలేను గానీ, వడ్లు నూర్చే కళ్లం చేయించడం మాత్రం బాగా తెలుసు. పిచ్ కూడా అలాగే చేయించారు. నల్లరేగడి తోలించి, మిల్లులో మిగిలిన ఊక కలిపించి, తడిపి, రాతి రోలరు దొర్లించి, పైన పేడనీళ్లతో అలికించారు. దాని మీద పడ్డ బంతి పైకి లేవదు. మధ్యాహ్నానికల్లా పెచ్చులు లేచి, చేయి తిప్పడం రానివాళ్లు వేసినా బంతి తిరుగుతుంది. "మనది స్పిన్ నేల" అని ప్రతి బహుమతి ప్రదానంలోనూ ఆయన ఊకదంపుడు ఉపన్యాసం ఇస్తారు. మిల్లు యజమాని కాబట్టి ఊకకి ఎక్కడా కొదవ లేదు.

మా మహిళల జట్టుకి నేను వికెట్ కీపర్ని. తెనాలిలో ఒక ప్రైవేటు స్కూల్లో ఆటల టీచర్ని కూడా. కీపర్‌గా నా ప్రతిభంతా వికెట్లకి ఆనుకుని కూర్చోవడంలోనే ఉంది. వెనక్కి వెళ్లి నిలబడాల్సిన అవసరం నాకెప్పుడూ రాలేదు, తేజస్విని వచ్చేదాకా.

తేజస్వినిది సూర్యలంక దగ్గర చేపల వేటకెళ్లే వాళ్ల ఇల్లు. నాన్న మస్తాన్‌రావు పడవ మీద వెళ్తాడు, అమ్మ ధనమ్మ బాపట్ల మార్కెట్లో చేపలు అమ్ముతుంది. ఆ పిల్లకి బౌలింగ్ ఎవరూ నేర్పలేదు. సముద్రం వెనక్కి తగ్గినప్పుడు బయటపడే తడి ఇసుకలో సరుగుడు కర్రలు పాతి, అన్నలకి బంతులు వేసేది. తడి ఇసుక గట్టిగానే ఉంటుంది గానీ బంతిని లేపదు, పడ్డచోటే చతికిలబడేస్తుంది. అక్కడ కర్ర పడగొట్టాలంటే ఒకటే దారి. బంతి నేల మీద పడి చచ్చేలోపు, అన్న బ్యాటు దించేలోపు, కర్ర మొదట్లోకి చేరిపోవాలి. అలా ఆమెకి వేగమూ గురీ రెండూ ఆ ఇసుకే నేర్పింది. ఫీజు తీసుకోలేదు, విజిల్ ఊదలేదు.

ఆ రెండు పనులూ చేసేది మా కోచ్ భావనారాయణ సార్. ఆయనది బాపట్లే. ఆమెని చూసి, ముచ్చటపడి, తెనాలి తీసుకొచ్చింది ఆయనే, అది ఒప్పుకోవాలి. మొదటి రోజు నెట్స్‌లో తేజు ఎక్కడో గోడ దగ్గర్నుంచి పరుగెత్తుకొచ్చి వేసింది. చేయి జారి బంతి నేల తాకకుండా ఫుల్ టాస్‌గా వచ్చింది. బ్యాటు పట్టుకున్న అమ్మాయి తెలివిగా తప్పుకుంది. వికెట్ల వెనకే గొంతుక్కూర్చున్న నేను తప్పుకోలేదు. నా ముక్కు మైసూరు బోండాలా వాచింది.

ఆ సాయంత్రం సంఘం పెద్దలు సమావేశమయ్యారు. టీలు తాగారు, సమోసాలు తిన్నారు, చాలాసేపు చర్చించారు. కీపర్ వెనక్కి జరగొచ్చన్న మాట ఒక్కరి నోటా రాలేదు. మా మైదానంలో కీపర్ వికెట్ల దగ్గరే ఉంటుంది, అది మా పెద్దల కాలం నుంచీ ఉన్నదే. ముక్కు నాది కాబట్టి కనీసం నాకైనా తోచాలి, నాకూ తోచలేదు. చివరికి, కీపర్ని కదిపే వీల్లేదు కాబట్టి బౌలర్నే మార్చాలని ఏకగ్రీవంగా తీర్మానించారు.

మొక్కై వంగనిది మానై వంగునా అంటూ మర్నాటి నుంచే భావనారాయణ సార్ ఆమె పరుగుకి కత్తెర వేశారు. "ఈ మట్టిలో వేగం పండదమ్మా. నాలుగడుగులు వేసి తిప్పు, చాలు," అన్నారు. తేజు ఎదురు చెప్పలేదు. జట్టులో చోటు కావాలంటే తిప్పాలి, తిప్పింది. ఉన్న నలుగురు ఆఫ్ స్పిన్నర్లకి అయిదోది అయింది. ఆమె వంతు వచ్చేసరికి మ్యాచే అయిపోయేది. రెండేళ్లు బౌండరీ దగ్గర నిలబడి అందరి వికెట్లకీ చప్పట్లు కొట్టింది. చూస్తే నాకు ఒళ్లు మండేది. పళ్ల బిగువున ఊరుకునేదాన్ని.

ఈ ఏడు రాష్ట్ర మహిళల జట్టు ఎంపిక కోసం రేపల్లెలో మ్యాచ్ పెట్టారు, మాకూ రేపల్లె జట్టుకీ. హైదరాబాదులో స్థిరపడిన పాత క్రీడాకారిణి ఒకావిడ సెలెక్టర్‌గా వస్తున్నారని చెప్పారు. ఈసారి కూడా పేరు రాకపోతే తేజు ఆట మానేసి, పేరాలలో ఒక చీరల కొట్లో పనికి కుదరాలని ఇంట్లో మాటైపోయింది. వాళ్లని తప్పుపట్టడానికేం లేదు. పిల్ల ఆడుతుందని ఎన్నాళ్లు ఎదురుచూస్తారు, ఆడనిస్తేనే కదా.

రేపల్లె మైదానంలోది గట్టి నేల, బంతి కాస్త లేస్తుందని ప్రతీతి. నాగమల్లేశ్వరరావు గారు ఊరుకుంటారా? ఊక కలిపిన తెనాలి మట్టిని, పుట్టింటివాళ్లు సారె పంపినట్టు, ట్రాక్టర్ల మీద రేపల్లె పంపించి దగ్గరుండి పిచ్ వేయించారు. మా కెప్టెన్ మాధవీలత ఆయన తమ్ముడి కూతురు, జట్టులో మొదటి ఆఫ్ స్పిన్నరు. సంగతి అంతవరకే, నేనింకేం అనను.

మ్యాచ్ రోజు మాది మొదట ఫీల్డింగ్. మాధవీలత శ్రద్ధగా కొత్త బంతిని అక్కడి మెట్టు మీద అరగదీస్తుంటే సెలెక్టర్ మేడమ్ చూశారు. ఏదో మురికి అంటుకుందనుకుని దగ్గరికొచ్చి అడిగారు. నాగమల్లేశ్వరరావు గారు ఆనందంగా మా ఆచారం వివరించి, స్పిన్ నేల మహత్యం చెప్పి, నలుగురు స్పిన్నర్లనీ పేరుపేరునా పరిచయం చేశారు. ఆవిడ అంతా విన్నారు. రాష్ట్రంలో ఏ ఊరికెళ్లినా స్పిన్నర్లనే చూపిస్తున్నారని, తాను వచ్చింది వేగంగా వేసేవాళ్ల కోసమని, ఒక్కరూ లేకపోతే మధ్యాహ్నం బస్సుకి వెళ్లిపోతానని చెప్పారు.

నాగమల్లేశ్వరరావు గారి ముఖంలో నెత్తురు చుక్క లేదు. భావనారాయణ సార్‌కి మాత్రం ఏ ఎండకా గొడుగు పట్టడం వెన్నతో పెట్టిన విద్య.

"ఎందుకు లేదండి మేడమ్, ఉందండి. మేమే తయారుచేసి, మీకు చూపిద్దామని దాచి ఉంచామండి," అన్నారు. తర్వాత బౌండరీ వైపు తిరిగి తేజూని కేకేశారు.

సెలెక్టర్ మేడమ్ తన సంచీలోంచి ఇంకో కొత్త బంతి తీసి, మధ్యలో మా చేతులు పడకుండా, నేరుగా తేజు చేతిలో పెట్టారు. తేజు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. మెరుపున్న బంతిని ఆమె పట్టుకుని రెండేళ్లయింది. వేస్తావా అని ఆవిడ అడిగితే తలూపి, వెనక్కి నడవడం మొదలుపెట్టింది. నడుస్తూనే ఉంది. అంత దూరం పోయాక ఇటు తిరిగి నన్ను చూసింది. నేను అలవాటు ప్రకారం వికెట్లకి ఆనుకుని కూర్చున్నాను.

"అక్కా, వెనక్కి జరుగు," అంది.

జరిగాను. ఇంకా జరగమని చెయ్యి ఊపింది. ఇంకా జరిగాను. ఆమె చెయ్యి ఆగలేదు. నేను ఇంటికి వెళ్లిపోతున్నానేమోనని మాధవీలత కంగారుపడింది. ముక్కు గుర్తుంది కాబట్టి నేను మాత్రం తేజు చెప్పినంత దూరం వెళ్లాను.

మొదటి బంతి నిజంగానే వేగంగా వచ్చింది. మట్టిలో పడింది, చచ్చింది, దొర్లుకుంటూ నా దగ్గరికొచ్చింది. రెండోదీ అంతే. బ్యాటు పట్టుకున్న అమ్మాయి నవ్వింది. మన నేలలో వేగం పండదని చెప్పానా లేదా అని నాగమల్లేశ్వరరావు గారు గట్టిగానే అన్నారు. ఆయన ప్రాణం కుదుటపడింది, నా ప్రాణం పోయింది. చీరల కొట్టు నా కళ్లముందు కనబడింది.

తేజు పిచ్ దగ్గరికొచ్చి వంగింది. వేళ్లతో మట్టి చిదిమి చూసింది, బొటనవేలితో నొక్కి చూసింది. బంతి అందించడానికి వెళ్లిన నాతో మెల్లిగా అంది.

"ఏం లేదక్కా. ఇది మా ఇసుకే."

అంత మట్టి తోలించి, అంత ఊక పోసి, సంఘంవారు తమకి తెలియకుండానే రేపల్లెలో సూర్యలంక ఒడ్డుని తయారుచేశారు. బంతి లేవని నేల మీద ఏం చేయాలో ఆ పిల్లకి పాలు మానిన నాటి నుంచీ తెలుసు.

మూడో బంతి నేలని నమ్ముకోలేదు. బ్యాటు దిగేలోపే వికెట్ మొదట్లో పడింది, మధ్య స్టంపు ఎగిరి నా వైపు వచ్చింది. తర్వాత వచ్చిన అమ్మాయి నవ్వలేదు. ఆమెదీ అదే స్టంపు. రేపల్లె వాళ్లు తమ వికెట్లు పడుతున్నాయని మరిచిపోయి చప్పట్లు కొట్టారు.

ఓవరు అయింది. అవతలి వైపునుంచి మాధవీలత వేయాలి. పాపం, ఆమెకి అలవాటు. బంతి చేతికి రాగానే వంగి నేలకేసి రుద్దబోయింది. తేజు గబగబా వచ్చి ఆమె చేతిలోంచి బంతి లాక్కుంది. రెండేళ్లలో ఆమె ఎవరికైనా ఎదురు చెప్పడం అదే మొదలు.

"రుద్దొద్దక్కా. ఇంకా నా ఓవర్లున్నాయి," అంది.

ఇచ్చెయ్యమ్మా, కెప్టెన్ కదా అని భావనారాయణ సార్ గీత బయటినుంచి సర్దిచెప్పబోయారు. ఈలోగా సెలెక్టర్ మేడమ్ లోపలికి నడిచొచ్చి, ఇలా వేగంగా ఎన్నాళ్లనుంచి వేస్తున్నావని తేజూని అడిగారు. సార్ జవాబు చెప్పడానికి నోరు తెరిచారు.

"ఇక్కడ రెండేళ్ల కిందటే మానిపించారండి," అంది తేజు. "మా ఊరి ఇసుకలో మాత్రం మానలేదండి."

సార్ నోరు మూసుకుని, మబ్బు పట్టిందా అని ఆకాశం చూశారు. మేడమ్ ఆయన వైపోసారి చూశారు. "రెండేళ్లు," అని మాత్రం అని, బంతి ఎవరూ రుద్దకుండా చూడమని అంపైరుకి చెప్పి వెళ్లిపోయారు.

పేరు వచ్చింది. చీరల కొట్టు గొడవ తీరింది. ఇక తెనాలిలో సన్మానం పెట్టకపోతే సంఘానికి పరువేముంటుంది? ఫ్లెక్సీలో నాగమల్లేశ్వరరావు గారు తలుపంత ఉన్నారు, భావనారాయణ సార్ కిటికీ అంత ఉన్నారు, తేజు తాళంచెవి పెట్టే బెజ్జమంత ఉంది. స్పిన్ నేలలో ఫాస్ట్ బౌలర్‌ని పండించిన ఘనత గురించి గంటసేపు మాట్లాడారు. తేజూలోని వేగాన్ని రెండేళ్లు భద్రంగా దాచి పెంచానని చెబుతుంటే సార్ గొంతు గద్గదమైంది. ఆయన నిజంగానే నమ్ముతున్నారని నాకప్పుడు తెలిసింది, కోపం ఇంకా పెరిగింది. వేట మానుకుని వచ్చిన మస్తాన్‌రావు, ధనమ్మ ఆఖరి వరసలో కూర్చుని అన్నిటికీ చప్పట్లు కొట్టారు.

చివర్లో సంఘం తరఫున జ్ఞాపికగా మఖమలు పెట్టెలో ఒక కొత్త బంతి ఇచ్చారు. తేజు పెట్టె తెరిచింది. పక్కనే ఉన్నాను కాబట్టి నేనూ చూశాను. బంతి కాల్చిన వంకాయలా ఉంది. పొద్దున్నే మాధవీలత స్నానం చేసి వచ్చి, ఆచారం తప్పకుండా, ఎంతో ప్రేమగా మెట్టు మీద అరగదీసి పెట్టింది. అందులో కుళ్లు లేదు, ఎగతాళి లేదు. మాకు తెలిసిన గౌరవం అదే.

అందరూ చప్పట్లు కొడుతున్నారు. తేజు బంతిని పెట్టెలోంచి తీసి, బౌలర్లకి ఉండే అలవాటు కొద్దీ నడుం పక్కన కొత్త లంగాకేసి తుడవసాగింది. మెరుపు రాలేదు. ఫోటోవాడు ఇటు చూడమ్మా అంటున్నా ఆమె తుడుస్తూనే ఉంది.