పచ్చ దాటిన రంపం

చిన్నకోడలికి కోపం వచ్చిందని ఆ వీధిలో అందరికీ తెలుసు. ఎందుకొచ్చిందో మాత్రం ఒక్కరూ సరిగ్గా చెప్పరు. చీపురు పుల్లల కోసం బావగారి మీద అలిగిందట. పుల్లలట! ఆ పుల్లలు లేకపోతే ఆ ఇంట్లో పొయ్యి మీద గిన్నె ఎక్కదన్న సంగతి, నోటికొచ్చినట్టు మాట్లాడేవాళ్ళకు ఎలా తెలుస్తుంది?

వాళ్ళ ఇంటి వెనక ఇసుక గుట్ట ఒకటి ఉంది. గడ్డి కూడా మొలవడానికి మొహమాటపడే నేల అది. చీపురు పొదలకు మాత్రం అలాంటి నేలే ఇష్టం. మంచి మట్టిలో పెడితే రోగిష్టిదానిలా వాడిపోతాయి, ఇసుకలో రాళ్ళలో వదిలేస్తే రాజాలా పెరుగుతాయి. ఆకులు ఉన్నాయంటే ఉన్నాయి, లేవంటే లేవు. ఆకు చేయాల్సిన పనంతా పచ్చటి కాడే చేసుకుంటుంది. చలి తగ్గగానే చిక్కుడు పువ్వుల్లాంటి పసుప్పచ్చ పువ్వులు పొదనిండా విరగబూస్తాయి. ఎండలు ముదిరాక కాయలు నల్లబడి, మిట్టమధ్యాహ్నం టపటపా పగిలి, గింజల్ని దూరంగా విసిరేస్తాయి. మేకలు ఒక కొమ్మ కొరికి, ఆ చేదుకు మొహం తిప్పుకుని పోతాయి. వాటి వేళ్ళే లేకపోతే పెద్ద వానకు ఆ గుట్ట వచ్చి వంటింట్లో కూర్చునేది.

ఆ పొదల పుల్లలతో కట్టిన చీపుర్లంటే బేకరీల వాళ్ళు పడిచస్తారు. కాలుతున్న పొయ్యి అడుగున బూడిద ఊడ్చడానికి ప్లాస్టిక్ చీపురు పెడితే కరిగి అక్కడే కూర్చుంటుంది. గుర్రపుసాలల వాళ్ళు, రోడ్లు ఊడ్చేవాళ్ళు కూడా ఈ చీపురే అడుగుతారు. కట్టే పని మొదట అత్తగారిది. ఆమె వేళ్ళు వంకర్లు పోయాక చిన్నకోడలు అందుకుంది. పుల్లలు నానబెట్టడం, ఏరడం, తీగ బిగించడం, కొసలు కత్తిరించడం అన్నీ అత్తగారే దగ్గర కూర్చోబెట్టుకుని నేర్పింది. అన్నిటికంటే ముందు నేర్పింది మాత్రం కొయ్యడం.

పచ్చ దాటకూడదు, అదీ సూత్రం. కొమ్మ ఎంతవరకు పచ్చగా ఉందో అంతవరకే కత్తి వెయ్యాలి. దాని కింద కొమ్మ ముదిరి గోధుమరంగు తిరుగుతుంది. అక్కడ కోస్తే మళ్ళీ చిగురు రాదు, పొద చచ్చిపోతుంది. పచ్చలో కోస్తే ఏటేటా పక్కనుంచి కొత్త పుల్లలు తన్నుకొస్తాయి. కొత్తగా పెళ్ళై వచ్చినప్పుడు చిన్నకోడలు ఒక కొమ్మను కాస్త కిందికి కోస్తే, అత్తగారు చేతిమీద చిన్న దెబ్బ వేసింది. ఆ దెబ్బను చిన్నకోడలు ఇన్నేళ్ళూ గౌరవంగానే గుర్తుంచుకుంది.

ఇక బావగారి సంగతి. ఆయన మంగలి. ఇంటి ముందుగదిలోనే ఆయన షాపు. మనిషి చెడ్డవాడని ఎవరూ అనలేరు, అదే వచ్చిన చిక్కంతా. చెడ్డవాడు చేసిన పనికి తిట్టుకోవచ్చు. మంచివాడు కొంప ముంచితే పక్కనవాళ్ళంతా మన నోరే మూయిస్తారు.

చలికాలం చివర్లో, అటకమీదనుంచి కట్టలు దించుతూ చిన్నకోడలు నిచ్చెన జారి పడింది. చీలమండ చిట్లింది. డాక్టరు కట్టు కట్టి, కాలు కింద పెట్టొద్దన్నాడు. ఆమెను మధ్యగదిలో పడుకోబెట్టారు. ఆ గదికి గుట్టవైపు కిటికీ లేదు. పుల్లలు కొయ్యాల్సిన రోజులు దగ్గరపడుతున్నాయని ఆమె మంచంమీద గింజుకుంటూ ఉంటే, బావగారి మనసు కరిగింది. షాపులో బేరాలు లేని పూట రంపం పట్టుకుని గుట్టెక్కాడు.

ఎక్కి ఏం చేశాడు? తనకు వచ్చిన విద్యే చేశాడు. పల్చబడ్డ తలకు నున్నగా గుండు గీస్తే జుట్టు ఒత్తుగా వస్తుందని ఆయన నమ్మకం. వచ్చినవాళ్ళందరికీ అదే చెబుతాడు. ఆ నమ్మకంతోనే పొదలన్నిటినీ నేలమట్టానికి కోసి పారేశాడు. ఒక్కటంటే ఒక్కటి మిగల్చలేదు. రెండు పూటలు పట్టిందట. కోసినవన్నీ కట్టలు కట్టి, చెమటలు కక్కుతూ మధ్యగదిలోకి తెచ్చి పడేసి, "ఇక నువ్వు దిగులు పడకమ్మా, అంతా శుభ్రంగా దించేశాను" అన్నాడు.

చిన్నకోడలు కట్టల మొదళ్ళు చూసింది. చేతి మణికట్టంత లావున, గోధుమరంగులో ఉన్నాయి. కడిగేద్దామని నోరు తెరిచింది. కానీ బావగారితో మాట్లాడాలంటే మీరు అనే మాట్లాడాలి కదా! కడుపు రగిలిపోతుంటే, మీరు, మీరు అంటూ దులపాలంటే ఎంత కష్టమో ఆ పూట తెలిసింది. ఆయన మొహం చిన్నబుచ్చుకుని వెళ్ళిపోయాడు. సాయంత్రానికి తప్పు చేసినవాడు ఆయన కాదు, ఈమె అయింది. గూడ్సు ఆటో తోలే ఆమె మొగుడు ఇంటికొచ్చి, అన్నయ్య మంచికే చేశాడు కదా పోనీలే అన్నాడు. మంచికే చేశాడు! ఆ మాట విన్నప్పుడల్లా ఆమెకు ఒళ్ళు మండేది.

ఆ మంటలోనే ఇంకో సంగతి తట్టింది. వంటింటి కిటికీ గుట్టవైపే ఉంది. అత్తగారు పొద్దస్తమానం ఆ కిటికీ పక్కనే కూర్చుంటుంది. రెండు పూటలు రంపం ఆడుతుంటే ఆమె చూడలేదా? అడిగితే, కళ్ళు సరిగా ఆనడం లేదమ్మాయ్ అని నీళ్ళు నమిలింది. బియ్యంలో రాయిని దీపం లేకుండా ఏరే కళ్ళు అవి.

కట్టు విప్పాక చిన్నకోడలు గుట్టెక్కి చూసింది. మోళ్ళు ఎండి బిగుసుకుపోయాయి. పట్టుకుని ఊపితే కొన్ని ఊడి చేతికొచ్చాయి. ఇక దిక్కు పక్కగుట్టే. అది, వీధిలో అందరూ కళ్ళజోడు పెద్దమ్మ అని పిలిచే ముసలావిడది. ఆమె, అత్తగారు వయసులో ఉండగా కలిసి పుల్లలు కోసినవాళ్ళు. పెద్దమ్మ ఇప్పుడు చీపుర్లు కట్టడం లేదు గనుక, నీ గుట్ట కోలుకునేదాకా నావి కోసుకో అంది. ఆ మాటతో చిన్నకోడలు బేకరీల వాళ్ళకు మళ్ళీ ధైర్యంగా మాటిచ్చింది. ఆ గుట్ట కూడా పోతే చీపుర్ల పని మానేసి వేరే ఏదైనా చూసుకోవాల్సిందే. ఆ సంగతి ఇంట్లో అందరికీ విడమరిచి చెప్పింది కూడా.

తర్వాత వానలు పడ్డాయి. అప్పుడు జరిగింది అసలు అన్యాయం.

గుట్టంతా మొలకలు వచ్చాయి. ఒకటీ రెండూ కాదు, అడుగు పెట్టడానికి సందు లేకుండా వచ్చాయి. ఎన్నో ఏళ్ళుగా రాలి ఇసుకలో దాక్కున్న గింజలు, పొదల నీడ పోయి ఎండ తగలగానే మేలుకున్నాయి. ఏ మొలకా మోడునుంచి రాలేదు. ఇంకా ఏళ్ళు గడిస్తే తప్ప అవి చీపురు కట్టే పొడవు ఎదగవు. అంతవరకు అవి చూడ్డానికే. కానీ బావగారు అది చూసి, "చూశారా? నేను చెప్పలేదూ!" అన్నాడు. షాపుకొచ్చిన ప్రతివాడికీ చెప్పాడు. కత్తి గొంతు దగ్గర ఆడుతుంటే ఎవడు కాదంటాడు? అందరూ ఔనౌనన్నారు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళన్న మనిషికి వీధంతా వంతపాడింది.

చిన్నకోడలు మొగుణ్ణి గుట్టమీదికి తీసుకెళ్ళి చచ్చిన మోడు పీకి చూపించింది. అతను దాన్ని అటూ ఇటూ తిప్పి, అయినా ఇన్ని మొలిచాయిగా అన్నాడు. ఆమెకు ఆ మోడుతోనే అతని నెత్తిన ఒకటి వెయ్యాలనిపించింది.

అలా ఉండగా ఒక పొద్దున, ఆమె గదిలో కూర్చుని తీగ బిగిస్తుంటే ముందు షాపులోంచి మాటలు వినిపించాయి. బావగారు ఏరీ అని ఎవరో అడుగుతున్నారు. పెద్దమ్మ పిలిస్తే పక్కగుట్టకు వెళ్ళాడని, ఆవిడ పొదలు ముసలివైపోయాయి గనుక వాటికీ గుండు గీయమందని ఇంకెవరో చెప్పారు. చిన్నకోడలు చేతిలో చీపురు వదిలేసి, ఇంకా పూర్తిగా కుదుటపడని కాలు ఈడ్చుకుంటూ పరుగుతీసింది.

వెళ్ళేసరికి పెద్దమ్మ గుట్టకింద కుర్చీ వేయించుకుని కూర్చుంది. బావగారు అప్పటికే ఒక పొదను నేలకు దించి, రెండోదాని మొదట్లో రంపం పెట్టాడు. చిన్నకోడలు వెళ్ళి ఆ పొదను రెండు చేతులా కౌగిలించుకుని నిలబడింది.

"ఆపండి బావగారూ. ఇక్కడ కోస్తే ఇది చస్తుంది."

ఆయన రంపం ఆపి, పెద్దమ్మవైపు చూసి నవ్వాడు. చిన్నపిల్ల అలిగితే పెద్దవాళ్ళు నవ్వుకునే నవ్వు అది. పెద్దమ్మ కళ్ళజోడు సవరించుకుంది. ఆమె జీవితంలో ఎప్పుడూ పచ్చ దాటి కోసి ఎరగదు. కానీ ఎదురుగా వీళ్ళ గుట్టమీద పచ్చగా నవనవలాడుతున్న మొలకల్ని కళ్ళారా చూస్తోంది. పాత సూత్రాలన్నీ ఉత్త భయాలేనేమో అన్న అనుమానం ఆమెకు పట్టుకుంది. పైగా బావగారు కోసిన గుట్ట బాగుపడిందని ఈమె ఓర్వలేకపోతోందని వీధిలో విని ఉంది.

"నా పొదల మీద నీకెందుకమ్మా అంత పంతం? పుల్లలు నీకే కదా ఇస్తానన్నాను."

"పొదలు బతికుంటేనే కదా పెద్దమ్మా ఇచ్చేది."

"మీ అత్తగారిని చెప్పమను. నాకంటే పని తెలిసిన మనిషి. అది వద్దంటే ఆపేస్తాను. కొయ్యమంటే నువ్వు మాట్లాడకుండా పక్కకు జరగాలి."

బావగారు సంతోషంగా ఒప్పుకున్నాడు. అమ్మ తనను కాదంటుందని ఆయనకు కలలో కూడా అనుమానం లేదు. చిన్నకోడలికి మాత్రం ఆ నమ్మకం లేదు. కళ్ళు ఆనడం లేదన్న మనిషి ఇప్పుడు ఏమంటుంది? ఆమె అనే ఒక్క మాట మీద తన పని, బేకరీలకిచ్చిన మాట, ఇన్నేళ్ళు నేర్చుకున్న విద్య అన్నీ ఆగి ఉన్నాయి. అయినా పొదను వదల్లేదు. వదిలి వెళ్తే వచ్చేలోపు ఇంకో రెండు కూలుస్తాడని భయం. అత్తగారిని తీసుకురమ్మని పక్కింటి మనిషిని పంపారు.

అత్తగారు కర్ర పొడుచుకుంటూ వచ్చింది. పెద్దమ్మ సంగతంతా చెప్పి, ఏమంటావని అడిగింది. అత్తగారు కూలిన పొద మొదలు చూసింది. కొడుకు మొహం చూసింది. కోడలివైపు చూడలేదు.

"వాడు పెద్దవాడు. ఏదో ఆలోచించే చేసుంటాడు" అంది మెల్లగా.

చిన్నకోడలికి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఏడుపుతో కాదు, కోపంతో.

పెద్దమ్మ అంత తేలిగ్గా వదిలే రకం కాదు. "నీ కొడుకు సంగతి నేనడగలేదే. పొద బతుకుతుందా లేదా? కొయ్యమంటావా వద్దంటావా? సూటిగా చెప్పు. రేపు ఇవి చస్తే మాట అన్నది నువ్వే అవుతావు."

అత్తగారు కర్ర ఈ చేతినుంచి ఆ చేతికి మార్చుకుంది.

"వద్దు" అంది. "చస్తుంది. గోధుమరంగులో కోస్తే మళ్ళీ రాదు. నాకు మా అమ్మ చెప్పింది, దీనికి నేను చెప్పాను. మా గుట్టవీ చచ్చాయి. ఇప్పుడున్నవి రాలిన గింజలు."

బావగారి చేతిలో రంపం కిందికి దిగింది. ఆయన మొహంలో నవ్వు ఎటు పోవాలో తెలియక కాసేపు అక్కడే ఉండి, తర్వాత పోయింది. పాపం, ఆయన అడిగిన ప్రశ్న న్యాయమైనదే.

"మరి నేను కోస్తుంటే కిటికీ దగ్గరే ఉన్నావు కదమ్మా. నీకు చెయ్యి ఊపాను కూడా. అప్పుడే ఎందుకు చెప్పలేదు?"

"ఎప్పుడూ ఇంటిపనికి చెయ్యి వెయ్యనివాడివి, అంత ఇష్టంగా చేస్తున్నావు. ఆపితే నొచ్చుకుంటావని..."

ఆమె మాట పూర్తి చెయ్యలేదు. పెద్దమ్మ కళ్ళజోడు తీసి చీరకొంగుతో తుడవడం మొదలుపెట్టింది. ఎవరి మొహమూ చూడాల్సిన అవసరం లేకుండా ఉంటుందని కాబోలు.

చిన్నకోడలు పొదను వదిలింది. గీరుకుపోయిన చేతులు దులుపుకుంది. ఇన్ని నెలలుగా ఎవరిమీద కోప్పడాలో తెలియక దొరికినవాళ్ళందరిమీదా కోప్పడింది. బావగారికి తెలియదు, తెలియక చేశాడు. ఈమెకు తెలుసు. తెలిసి, కిటికీ పక్కన కూర్చుని, ఒక్కొక్క పొదా కూలుతుంటే చూసింది. గోడకు ఇవతల మంచంమీద కోడలు పడుకుని ఉందని కూడా తెలుసు.

"నేను నొచ్చుకోనా అత్తయ్యా?" అంది.

అత్తగారు కర్ర గట్టిగా పట్టుకుంది. కొడుకువైపు చూసింది, ఆయన తల దించుకున్నాడు. పెద్దమ్మవైపు చూసింది, ఆవిడ ఇంకా కళ్ళజోడు తుడుస్తూనే ఉంది. అప్పుడు, వచ్చినప్పటినుంచి మొదటిసారి, కోడలివైపు చూసింది. ఆ చూపుకోసం చిన్నకోడలు ఆగలేదు. బావగారి చేతిలో రంపం తీసుకుని, గుట్ట దిగి ఇంటివైపు నడిచింది.