తప్పు మెషీన్‌దే!

రక్తపరీక్షల ల్యాబులో పన్నెండేళ్లుగా పనిచేస్తున్న టెక్నీషియనమ్మకు రెండింటి మీదే గురి. ఒకటి తన హస్తవాసి. రెండోది తన ఎనిమిదేళ్ల కూతురి ఆరోగ్యం. అందరూ బంతి అని పిలిచే ఆ పిల్లకు జలుబు చేసి ఏడాది దాటింది. ఎందుకు చేస్తుంది? బడి వదలగానే దుమ్మూ ధూళీ తగలకుండా తెచ్చి, ల్యాబు వెనకగదిలో ట్యూబులైటు కింద కూర్చోబెట్టి, కంటికి రెప్పలా కాపాడుకుంటోందాయె.

రోజూ పని మొదలెట్టేముందు మెషీన్‌ను పరీక్షించాలి. దానికోసం కంపెనీవాళ్లు చిన్న సీసా పంపిస్తారు. అందులో విటమిన్ డి ఎంతుందో సీసా మీదే రాసి ఉంటుంది. మెషీన్ కూడా అంతే చెబితే సరిగ్గా ఉన్నట్టు. ఆ రోజు సీసా నిండుకుంది.

"దానికేం, మా బంతి ఉందిగా!" అనుకుంది టెక్నీషియనమ్మ. బడికి సెలవు కావడంతో పిల్ల వెనకగదిలోనే బొమ్మలు గీసుకుంటోంది. దానికంటే నిక్షేపంలాంటి మనిషి ఎక్కడ దొరుకుతారు? సూది గుచ్చి రక్తం తీసింది.

ఇరవై దాటాల్సిన చోట మెషీన్ తొమ్మిది చూపించింది.

"మతి పోయిందా నీకు?" అని దాన్ని కసిరింది. ఆపి మళ్లీ వేసింది. తొమ్మిది. ఇంకోసారి వేసింది. మళ్లీ అదే తొమ్మిది. ఇక లాభం లేదని రిపోర్టులన్నీ ఆపేసి మెకానిక్కుకు ఫోన్ చేసింది.

అతను కొత్త సీసా పట్టుకొచ్చి పరీక్షించాడు. అంకె అచ్చంగా సరిపోయింది.

"మెషీన్ బంగారంలా ఉంది మేడమ్. ఇంతకీ ఆ రక్తం ఎవరిది?"

"ఎవరిదైతే మీకెందుకు? దుక్కలా ఉన్న పిల్లది!"

"అలాంటి పిల్లల్లోనే ఇది తెలీదు మేడమ్. జ్వరమా, నొప్పా, బయటపడడానికి? మా పెద్దమ్మాయికి పరీక్షిస్తే ఏడే వచ్చింది. డాక్టరుగారు మందు రాసి, రోజూ కాసేపు ఎండలో ఆడించమన్నారు."

టెక్నీషియనమ్మ బంతి ఎండలో ఆడుకున్న రోజేదని వెతుక్కుంది. పొద్దున వ్యాను, తర్వాత తరగతి గది, సాయంత్రం వెనకగది. ఒక్క రోజూ తట్టలేదు. ఇంత అపురూపంగా చూసుకుని తాను చేసిన నిర్వాకం ఇదా అని ఏడుపొచ్చింది. మేడ మీదున్న డాక్టరమ్మకు చూపిస్తే, ఆవిడ మందు రాసి, కంగారుపడక్కర్లేదని చెప్పి, మెకానిక్కు మాటే మళ్లీ అంది.

కిందికొచ్చి వెనకగది తలుపు బార్లా తీసింది. "లేవే, బయటికెళ్లి ఆడుకో."

బంతి గుమ్మందాకా వెళ్లి ఆగిపోయింది. "ఎవరితోనమ్మా? బయట నాకెవరూ తెలీదుగా."

టెక్నీషియనమ్మ వెనక్కి తిరిగి ల్యాబులోకి చూసింది. రిపోర్టుల కోసం బల్ల ముందు నలుగురు విసుగ్గా నిలబడి ఉన్నారు. "పావుగంటలో వస్తానండీ," అని వాళ్లకు చెప్పి, తెల్లకోటుతోనే ఎండలోకి పరుగెత్తింది.

"చూస్తావేంటే? పట్టుకో నన్ను!"