పెద్దకోడలి కుడిచెయ్యి

తెల్లారకముందే లేచి పిండి పిసకడం పెద్దకోడలి పని. ముందుగదిలోనే బ్రెడ్డు బట్టీ. ఆవిడ పిసకడం మొదలుపెట్టగానే, వెనకగదిలో పడుకున్న చిన్నకోడలి అరచేతికి పిండి జిగురు తగిలి మెలకువ వచ్చేసేది.

పోయినేడు భుజానికి దెబ్బ తగిలినప్పటి నుంచి పెద్దకోడలి కుడిచేతి స్పర్శ దారి తప్పి తోడికోడలికి చేరుతోంది. వేడీ, చల్లదనమూ, గీరుడూ, గిచ్చుడూ అన్నీ. ఇంట్లో ఎవరూ దాన్ని వింతగా చూడలేదు. వెనకగదిలోంచి "అబ్బా!" అని వినపడితే మామగారు లేచి, బట్టీ దగ్గరున్న పెద్దకోడలి చేతిమీద చన్నీళ్లు పోసేవారు.

చిక్కల్లా తోడికోడళ్లిద్దరికీ మాటల్లేకపోవడమే. ఎందుకు మానేశారో వాళ్లకే గుర్తులేదు, పంతం మాత్రం అలాగే ఉంది. కబుర్లన్నీ అత్తగారే మోసేవారు. పిండి పదును చేతికి తెలియక పెద్దకోడలి బ్రెడ్డు ఇటుకల్లా వస్తోంది. రోజూ బ్రెడ్డు కొనే ఆసుపత్రివాళ్లు ఈ ఒక్కసారి చూస్తామన్నారు. ఆ బేరం పోతే బట్టీ ఆర్పుకోవలసిందే.

ఆవేళ పెద్దకోడలు పిండిమీద అరచెయ్యి అదిమిపెట్టి కదలకుండా నిలబడింది.

"పదునుకొచ్చిందేమో అడగండత్తయ్యా."

అత్తగారు వెనక్కెళ్లి వచ్చారు. "ఏమీ తెలియట్లేదంటోందమ్మా."

"కావాలనే అంటోంది. నేను మునిగిపోతే దానికి సంబరం."

ఆ మాట చిన్నకోడలి చెవిన పడింది. ఒళ్లు మండి, పంతం సంగతి కూడా మర్చిపోయి, విసురుగా ముందుగదిలోకి వచ్చేసింది.

"చెయ్యి బొమ్మలా పెడితే నాకేం తెలుస్తుందక్కా? తాకినప్పుడు తెలిసింది, ఆ తర్వాత పోయింది. ఒంటిమీది బట్ట రోజంతా నీకు తెలుస్తోందా? కదిలిస్తేనే చర్మం కబురు పంపేది. కదుపు!"

పెద్దకోడలు చెయ్యి కదిపింది.

"ఆఁ, ఇంకా అంటుకుంటోంది. పిసుకు. గట్టిగా! ఇప్పుడు సాగుతోంది. వేలితో నొక్కి వదులు... మళ్లీ... అదిగో, వేలిని పైకి తోస్తోంది! చాలక్కా, అచ్చుల్లో వేసెయ్!"

బ్రెడ్డు అచ్చుల అంచులు దాటి పొంగింది. ఆసుపత్రి వంటమనిషి ఒక ముక్క తుంచి నోట్లో వేసుకుని, "రేపట్నుంచి రోజూ పంపండి" అని బండి నింపుకుపోయాడు. మామగారు వీధిలోకెళ్లి కనపడ్డవాళ్లందరికీ చెప్పారు. అత్తగారు కుర్చీలో కూలబడి, "ఇక మీ కబుర్లు మీరే మోసుకోండి, నా కాళ్లు అరిగిపోయాయి" అన్నారు.

పెద్దకోడలు సంతోషం పట్టలేక కుడిచేత్తో తోడికోడలి చెయ్యి గబుక్కున అందుకుంది. పట్టుకున్న చెయ్యీ, పట్టుబడిన చెయ్యీ రెండూ చిన్నదానికే తెలిశాయి. తనూ తిరిగి పట్టుకుంది.

"నేనెంత గట్టిగా పట్టుకున్నానో నీకు తెలియట్లేదు కదక్కా?"

"లేదే. నువ్వే చెప్పాలి."

చిన్నకోడలు చెప్పింది, వీధి చివరిదాకా వినపడేలా.