తేనెటీగలకు చావు కబురు

అన్న బతికుండగా పక్క ఊరినుంచి రావడానికి తీరిక దొరకని డెస్మండ్, అన్నను పాతిపెట్టిన వారానికే తేనెపెట్టెల కోసం వ్యాను వేసుకుని ఊడిపడ్డాడు. ఎడ్నా మరిదికి టీ ఇవ్వలేదు. ఇంగ్లండులోని ష్రాప్‌షైర్‌లో గుమ్మంలోకొచ్చిన మనిషికి టీ ఇవ్వకపోవడమంటే మొహాన ఉమ్మినంత పని. ఆమె ఉద్దేశం కూడా అదే.

“పెట్టెలు నాకే ఇస్తానని సిరిల్ ఎప్పుడో అన్నాడు వదినా.”

“అన్నాడు. బతికుండగా వచ్చి తీసుకోమన్నాడు. సరే, ముందు వాటికి కబురు చెప్పు. ఇంటాయన పోతే తాళంచెవితో పెట్టె తట్టి చెప్పాలి, లేకపోతే లేచిపోతాయి. మీ అమ్మ నేర్పలేదా?”

నేర్పింది. డెస్మండ్ ఇంటి తాళంచెవి అందుకుని తోటలోకి నడిచాడు. ఆపిల్ చెట్టు కింద తేనెటీగలు ఊపిరి సలపని పనిలో ఉన్నాయి. పెట్టె తట్టి, “సిరిల్ పోయాడు. ఇకనుంచి మీ యజమానిని నేను,” అని గొణిగాడు.

“చావు కబురు చల్లగానే చెప్పావు. ఆసుపత్రికి ఎందుకు రాలేదో అదీ చెప్పు. వాటి ముందు అబద్ధం ఆడకూడదు.”

“షాపులో పని. పండగ రోజులు, బజారంతా కిటకిట. బిజీగా ఉన్నాను.”

“అవీ బిజీయే. పొద్దుగూకేసరికి గూటికి చేరతాయి.”

డెస్మండ్ మొహం జేవురించింది. “అందరి విషయాల్లో వేలు పెట్టడం నీకు మొదట్నుంచీ అలవాటే!” అని అరిచాడు. ఎడ్నా కదల్లేదు. కాసేపటికి అతనే తల దించుకున్నాడు. “భయమేసింది వదినా. అన్నని అలా చూడలేననిపించింది.”

“ఎన్నిసార్లు ఫోన్ చేసినా లైను బిజీ. రిసీవరు తీసి పక్కన పెట్టావు కదూ?”

డెస్మండ్ చేతిలోని తాళంచెవిని అటూ ఇటూ తిప్పాడు.

“ఆయనతో మాత్రం, బయల్దేరాడట అని చెప్పాను. నీకోసం అబద్ధమాడాను. కళ్ళల్లో ఒత్తులు వేసుకుని తలుపు వైపే చూస్తూ పోయాడు.”

డెస్మండ్ పెట్టెకు చెయ్యి ఆనించి నిలబడ్డాడు. ఎడ్నాకు జాలి కలగలేదు, కలగనందుకు సిగ్గూ వేయలేదు. అతని చేతిలోంచి తాళంచెవి లాక్కుంది.

“ఆయన పోయినరోజే వాటికి చెప్పేశాను. ఇక యజమానురాలిని నేనేనని కూడా చెప్పాను.”

“మరి నాతో ఎందుకు చెప్పించావు?”

“అన్న పోయాడన్న మాట నీ నోట ఇందాకటిదాకా రాలేదు. అందుకు.”

ఆమె గేటు తెరిచి పట్టుకుంది.

“ఇక వెళ్ళు. నీకు బోలెడు పని ఉంటుంది.”