రిబ్బను కట్టని జడ

మంగళ, శుక్రవారాల్లో సరిగ్గా మధ్యాహ్నం రెండింటికి బాలకుమారి కెనడాలో, సార్నియా ఊళ్లోని వృద్ధుల కేర్ హోమ్‌కి వెళ్తుంది. బూట్లకంటిన మంచు దులుపుకుని, వాలంటీర్ బ్యాడ్జి తగిలించుకుని, దువ్వెన, కొబ్బరినూనె సీసా, ఎర్ర రిబ్బను ఉన్న సంచీతో మూడో గదికి నడుస్తుంది. "మీకేం వచ్చు?" అని ఫారంలో అడిగినచోట "జడలు వేయడం" అని రాసింది మరి. రాయదూ! కాకినాడ మిషన్ హాస్టల్లో ఇరవై రెండేళ్లు మేట్రన్‌గా చేసింది. ఆడపిల్లల్ని మెట్లమీద వరసగా కూర్చోబెట్టి ఒకరి జడ ఒకరిచేత వేయించేది. రిబ్బను లేని జడ కంటబడితే ఆరోజు ఆ పిల్ల పని అయిపోయినట్టే.

మూడో గదిలో సీతారత్నం గారుంటారు. ఎనభై నాలుగేళ్లు. ఆవిడ జుట్టు సంగతి అక్కడ అందరికీ తెలుసు. జడలో ఉండగా కబుర్లు సాగితే, సాగినంతసేపూ అది పెరుగుతుంది. చివర రిబ్బను ముడి పడితే ఆగుతుంది. తెల్లారేసరికి మళ్లీ నడుముదాకానే. నర్సులు దాన్ని దాటుకుంటూ మందులు పంచుతారు. ఒకప్పుడు ఓడల్లో పనిచేసిన ఎరిక్ తాత "మంచి తాడు" అని మెచ్చుకుని, దాన్ని పట్టుకునే వరండాలో నడుస్తాడు. పాపం, అప్పుడప్పుడూ తన ఓడ ఎక్కడని అడుగుతుంటాడు.

ఆ శుక్రవారం జడ సగంలో ఉండగా సూపర్‌వైజర్ స్టెఫీ వచ్చింది. తెలుగుపిల్లే, పుట్టింది మాత్రం ఇక్కడ.

"సారీ ఆంటీ. మంగళవారం ఒక నర్స్ జడ తట్టుకుని పడింది. సేఫ్టీ ఇష్యూ. మండే హెయిర్‌డ్రెస్సర్ వచ్చి షార్ట్‌గా కట్ చేస్తుంది."

సీతారత్నం గారు రెండు చేతులతో తల పట్టుకున్నారు. "మా అమ్మ చేతులు తిరిగిన జుట్టే తల్లీ ఇది. ఇదీ పోతే నాకింక అమ్మ ఎక్కడుంటుంది?"

బాలకుమారికి ఒళ్లు మండిపోయింది. చకచకా జడ ముగించి, "నీతో మాట్లాడాలి, పద!" అంటూ స్టెఫీ వెంట ఆఫీసుకెళ్లింది. రిబ్బను గుప్పిట్లోనే ఉండిపోయింది. ఇరవై రెండేళ్ల మేట్రను రిబ్బను కట్టడం మరిచిపోయిందంటే ఎంత కోపమో చూడండి!

గదిలో సీతారత్నం గారు ఎప్పుడో పోయిన వాళ్లమ్మతో చెప్పుకుంటూనే ఉన్నారు.

ఆఫీసులో వాదన అరగంట సాగింది. ఇంతలో ఒక నర్సు పరుగున వచ్చింది. ఎరిక్ కనబడటం లేదు. తోటవైపు తలుపు తెరిచి ఉంది. బయట మైనస్ పదిహేను, ఎదుటి మనిషి కనబడనంత మంచు. అడుగుల జాడలు ఎప్పుడో పూడిపోయాయి.

బాలకుమారి గుమ్మం దగ్గర కిందికి చూసింది. మూడో గదిలోంచి వచ్చిన జడ తోటలోకి పోయి ఉంది, బిగుతుగా.

"పిన్నిగారూ! నొప్పిగా ఉందా?" అని సీతారత్నం గారి గదివైపు కేకేసింది.

"లేదే. అటుచివర ఎవరో పట్టుకున్నారు. తొందరగా వెళ్లండి, నేను మాట్లాడుతూనే ఉంటా."

స్టెఫీ జడ మీద చెయ్యేసి ముందు నడిచింది, వెనక బాలకుమారి, ఆ వెనక నర్సులు. హాస్టలు మెట్లమీది వరస లాగానే. తోట చివర, నది ఒడ్డున కంచె దగ్గర ఎరిక్ కూర్చుని ఉన్నాడు. జడ కొస మణికట్టుకి మూడు చుట్లు చుట్టుకుని, చలికి నీలమైన పెదాలతో నవ్వాడు.

"ఓడని కట్టేశాను. ఇంకెటూ పోదు" అన్నాడు.

సోమవారం హెయిర్‌డ్రెస్సర్ మూడో గదిలోకి రాలేదు. మంగళవారం బాలకుమారి వెళ్లేసరికి స్టెఫీ సీతారత్నం గారి వెనక కూర్చుని ఉంది, దువ్వెన చేతిలో పెట్టుకుని.

"మీరు రాని రోజుల్లో నేను వేస్తా ఆంటీ. నేర్పిస్తారా?"

బాలకుమారి ఆ వేళ్లని పట్టుకుని మూడు పాయలూ తీయించింది. స్టెఫీ అల్లుతోంది కానీ జడ నడుము దాటలేదు.

"కబుర్లు చెప్పాలే పిల్లా" అన్నారు సీతారత్నం గారు.

"నాకేం కబుర్లు తెలుసు?"

"మీ అమ్మ సంగతి చెప్పు."

స్టెఫీ చేతులు ఆగాయి. వాళ్లమ్మ పోయి ఆరేళ్లయింది. వచ్చీరాని తెలుగులో, "మా అమ్మ కూడా నాకు..." అని మొదలుపెట్టింది.

జడ మెల్లగా నేలని తాకింది. బాలకుమారి రిబ్బను సంచీలోనే ఉంచేసింది.