తాగని నీళ్ల గోలెం

పొద్దున నాలుగున్నరకు తాడ్వాయిలో నిద్ర లేవగానే ఈరవ్వ చేసే మొదటి పని నీళ్లు తాగకపోవడం. ముఖం కడుక్కుంటుంది, పుక్కిలిస్తుంది, ఉమ్మేస్తుంది. చాయ్ రెండు గుక్కలు, అదీ పెదవులు తడవడానికే. పాలకూర, పుంటికూర కట్టలు గంపకెత్తి మొదటి బస్సులో కామారెడ్డి మార్కెట్‌కు చేరితే, మళ్లీ ఇల్లు చూసేది పొద్దుగూకాకే. మార్కెట్లో ఆడవాళ్లకు బాత్రూం లేదు. మగవాళ్లకూ లేదు గానీ, వాళ్లకు తూర్పు గోడ ఉంది.

ఎల్లారెడ్డి దగ్గరి తండా నుంచి సీతాఫలాలు తెచ్చే రుక్మిబాయి దూరం ఎక్కువని ముందురోజు సాయంత్రం నుంచే నీళ్లు మానేస్తుంది. అట్లాంటివాళ్లు మొత్తం అరవై నలుగురు. వాళ్లు తాగని నీళ్లన్నీ మార్కెట్ నడుమ ఉన్న సిమెంటు గోలెంలో చేరేవి. దానికి నల్లా లేదు, బోరు లేదు. పొద్దున అడుగునున్న నీళ్లు మధ్యాహ్నానికి అంచుకొచ్చేవి. ఎండాకాలంలో పట్నమంతా ట్యాంకర్ల వెంట ఉరుకుతున్నా గోలెం పొంగి పారేది. ఇందులో వింతేమీ లేదు. తాగని నీళ్లు ఎక్కడికో ఒకచోటికి పోవాలి కదా! వాటిని కూరల మీద చల్లుకునేవాళ్లు. తాగేవాళ్లు మాత్రం లేరు. ఆడవాళ్లకు ఎట్లాగూ కుదరదు, మగవాళ్లకు చాయ్ హోటలుంది.

2013 అక్టోబరులో పట్నం పునరుజ్జీవన కమిటీ మార్కెట్‌ను బాగుచేయడానికి పూనుకుంది. రంగురాళ్ల బాట, గడియారం, నడుమ ఒక ఫౌంటెన్. అప్పిచ్చే బ్యాంకు మాత్రం ఒక మెలిక పెట్టింది. ఈ పథకం ఆడా మగా, ఉన్నోళ్లూ లేనోళ్లూ అందరికీ సమానంగా పనికొస్తుందో లేదో అంచనా వేసి కాగితం ఇవ్వాలి. కమిటీ ఇంజనీరు శైలేందర్ ఆ కాగితంలో 'మహిళలకు నష్టం: లేదు' అని ముందే రాసేసి, వేలిముద్రలు తెమ్మని కాంట్రాక్టు ఉద్యోగి అనిలను పంపాడు. దోమకొండలో డిగ్రీ చదివిన పిల్ల. ముద్ర వేయించే ముందు చదివి వినిపించే చెడ్డ అలవాటుంది.

"నష్టం లేదా?" ఈరవ్వ కొంగుముడి విప్పి డాక్టరమ్మ రాసిన చీటీ తీసింది. "సదువు బిడ్డా."

కిడ్నీలో రాళ్లు. రోజుకు పన్నెండు గ్లాసుల నీళ్లు తాగాలి. తాగడం కుదరకపోతే మార్కెట్ మానేయాలి.

"మానేస్తే ఎట్లవ్వా?"

"ఎట్లేంది? ముప్పై ఏండ్ల సంది నా కూడు నేను తింటున్న. ఇగ కోడలు పెడితే తినాలె. వారం రాకుంటే ఈ జాగల ఇంకొకరు కూసుంటరు. మల్ల రమ్మన్నా రానియ్యరు."

అనిల వేలిముద్రలు పక్కన పెట్టి, కర్రతో గోలెం కొలిచింది. మూడు రోజులు పొద్దునా సాయంత్రం కొలిచింది. మూడో రోజు నీళ్లు కొంచెం ఎక్కువ తేలాయి. తనూ పొద్దుటి నుంచి తాగలేదని అప్పుడు గుర్తొచ్చింది. ఆడవాళ్లు తాగని నీళ్లు రోజుకు దాదాపు రెండు వందల లీటర్లు, కాబట్టి బాత్రూం అత్యవసరం అని రిపోర్టు రాసింది.

శైలేందర్ అది చదివి కుర్చీలోంచి లేచాడు. "రెండు వందల లీటర్లా! ఫౌంటెన్‌కు నీళ్లెక్కడివని నెల సంది తల పట్టుకున్న. బతికించినవ్ పో!"

"సార్, అది బాత్రూం కోసం రాసిన రిపోర్టు."

"బాత్రూం కడితే వాళ్లు నీళ్లు తాగుతరు. తాగితే గోలెం ఎండుతది. ఎండితే ఫౌంటెన్ ఎట్ల నడుస్తది? జర బుద్ధితోని ఆలోచించు." పాత వాక్యం కొట్టేసి కొత్తది రాశాడు. 'నీటి సరఫరాలో మహిళల భాగస్వామ్యం: నూటికి నూరు శాతం.'

మంగళవారం మార్కెట్లోనే షామియానా కింద సభ. కమిటీలో శైలేందర్‌తో కలిపి ఆరుగురు, ఆరుగురూ మగవాళ్లే. చైర్మన్ బట్టల దుకాణం హన్మండ్లు సేటు. బ్యాంకు వాళ్ల వీడియో కెమెరా తిరుగుతోంది. బ్యాంకు షరతు ప్రకారం జాబితాలో ఉన్న ప్రతి మహిళా మాట్లాడితేనే సభ ముగిసినట్టు, ముగిసేదాకా సభ్యులు మార్కెట్ దాటకూడదు. గోలెం నీళ్లు ఎంత శుభ్రమో చూపించాలని శైలేందర్ వాటితోనే నిమ్మ షర్బత్ కలిపించాడు. ఆరుగురూ తలా రెండు గ్లాసులు తాగారు.

అరగంటకు హన్మండ్లు లేచి తూర్పు గోడకు వెళ్లాడు. ఇరవై ఏళ్లుగా తెలిసిన గోడే. ఇవాళ మాత్రం ఎవరో చూస్తున్నట్టనిపించింది. అటు చూశాడు, ఇటు చూశాడు. చెవులు ఎర్రబడ్డాయి. పని కాకుండానే చొక్కా సర్దుకుని వచ్చి కూర్చున్నాడు. తర్వాత శైలేందర్ వెళ్లాడు, వచ్చాడు. ఒకరి వెనక ఒకరు ఆరుగురూ వెళ్లారు, వెళ్లినట్టే వచ్చారు. తాగనివాళ్ల సిగ్గు కూడా నీళ్లతోపాటు ఆ ఆరుగురి లోపలికి పోయిందని మార్కెట్లో అందరికీ తెలిసింది.

ఈరవ్వ మైకు ముందుకు వచ్చింది. "నేను పుట్టింది సదాశివనగర్ల. మా అవ్వకు ఏడుగురం..."

"జర తొందరగ చెప్పవ్వా!" హన్మండ్లు మోకాళ్లు దగ్గరికి చేర్చుకున్నాడు.

"తొందరేంది సేటు? పొద్దుగూకేదాక టైమున్నది. మేం రోజూ కూసుంటలేమా?"

ఏడుగురి పెళ్లిళ్లూ అయ్యాక రుక్మిబాయి వంతు. "నాకు తెలుగు సక్కగ రాదు సారూ. మెల్లగ చెప్త." ఇరవై ఏళ్లుగా అదే తెలుగులో బేరమాడి కామారెడ్డి మొత్తాన్నీ ఏడిపించిన మనిషి.

"ఇంకెంతమంది?" శైలేందర్ గొంతు సన్నబడింది.

"అరవై ఇద్దరు సార్," అంది అనిల.

హన్మండ్లు బల్ల గుద్దాడు. "బాత్రూం ఏడ కావాలె? అది చెప్పుండ్రి, ఏడ?"

అనిల నక్షా పరిచింది. "ఫౌంటెన్ గీసిన కాడ సార్. మొదటి దశల అని రాయుండ్రి. తలుపుకు లోపల గడియ అని గూడ."

గడియ దగ్గర అక్షరాలు వంకర పోయాయి గానీ ఆరు సంతకాలూ పడ్డాయి. మిగతా అరవై ఇద్దరూ మాకిక చెప్పేదేమీ లేదని ఒక్కమాటగా అన్నారు, సభ ముగిసింది. ఆరుగురూ ఒకే ఆటోలో పడి వెళ్లారు. అందులో ముగ్గురి ఇండ్లు ఆ దిక్కు కావు.

ఫిబ్రవరిలో రెండు గదులు లేచాయి. రిబ్బను కత్తిరించడానికి ఎవరూ రాలేదు. మొదటి రోజు అరవై నలుగురూ ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు గానీ ఎవరూ నీళ్లు ముట్టలేదు. చివరికి ఈరవ్వ చెంబు గోలెంలో ముంచి, తల పైకెత్తి, గటగటా తాగింది. ఇంకో చెంబు తాగింది. కాసేపు కూరలమ్మింది. తర్వాత లేచి, గంప చూడమని రుక్మిబాయికి చెప్పి, మార్కెట్ నడిమధ్య నుంచి, ఎక్కడికి పోతోందో అందరికీ తెలిసేట్టు, మెల్లగా నడిచి వెళ్లింది.

తిరిగి వచ్చాక మళ్లీ చెంబు ముంచింది. ఈసారి రుక్మిబాయి చేతికిచ్చింది.

"ఎల్లారెడ్డి బస్సుకు ఇంకా నాలుగు గంటలున్నది. తాగు."